గాలి తీసిన మూట ఏం చెబుతుంది?

వాక్యూమ్ ప్యాకింగ్ యంత్రాలు అమ్మేవాళ్లు ముందుగా చూపించేవి రెండు బొమ్మలు. మొదటిదాంట్లో బొద్దుగా ఉబ్బిన చలికోటు ఉంటుంది. రెండోదాంట్లో అదే కోటు, గాలి తీసేశాక అప్పడంలా అణిగిపోయి కనిపిస్తుంది. చూడగానే చోటు ఎంత కలిసొస్తుందోనన్న ఆశ పుడుతుంది. హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కో, అమర్‌నాథ్ యాత్రకో, వానల్లో మారేడుమిల్లి అడవులకో బయల్దేరేవాళ్లు ఈ యంత్రం కొనాలనుకోవడానికి చాలాసార్లు ఆ ఆశే కారణం. బొమ్మల్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే అవి అన్నింటికంటే చిన్న లాభాన్ని అన్నింటికంటే పెద్దదిగా చూపిస్తాయి. చోటు కలిసిరావడం మంచిదే గానీ, దానికోసం వదులుకోవాల్సినవీ ఉన్నాయి. నీళ్లు చొరబడకపోవడం అంతకంటే పెద్ద లాభం. అయితే అది గాలి తీసినందుకు వచ్చేది కాదు, సంచి మూతి గట్టిగా అతికినందుకు వచ్చేది. గాలి తీసినందుకే ప్రత్యేకంగా దక్కేది ఇంకొకటుంది. సంచికి ఎక్కడైనా చిల్లు పడితే ఆ సంగతి సంచే బయటపెడుతుంది. బిగుసుకుని ఉన్న మూట వదులైపోతుంది. నీళ్లు తగలకముందే, ఇంట్లో ఉండగానే, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది. కొండల్లోకి, అడవుల్లోకి తీసుకెళ్లే మరే సంచీ తన లోపాన్ని ఇలా తనంతట తాను చెప్పదు. ఈ వైపు నుంచి చూస్తే వాక్యూమ్ ప్యాకింగ్‌ను దేనికి వాడాలో, దేనికి వాడకూడదో చాలావరకు తేలిపోతుంది.

ముందు ఒత్తిడి సంగతి. యంత్రం మూటను నొక్కదు, లోపలి గాలిని లాగేస్తుంది. నొక్కే పని బయటి గాలిది. సముద్రమట్టం దగ్గర వాతావరణం ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు కిలో బరువు మోపుతుంది. ఏ4 కాగితమంత సంచి తీసుకుంటే దాని ఒక ముఖం 620 చదరపు సెంటీమీటర్ల పైమాటే. లోపలి పీడనాన్ని సగానికి తగ్గించినా ఆ ముఖం మీద 300 కిలోలకు పైగా బరువు పెట్టినట్టే. 1650ల్లో జర్మనీలో ఒటో ఫాన్ గెరికె రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తోడేసి, రెండు వైపులా గుర్రాలను కట్టి లాగించినా అవి ఊడిరాకపోవడానికి కారణం ఈ బలమే. ఇప్పుడు వంటింటి గట్టు మీద పట్టే యంత్రంతో ఆ బలాన్ని మన చలికోటు మీదికి తెస్తున్నాం. కోటు అణగడానికి అందులో గాలి ఉండాలి. చిక్కేమిటంటే మనల్ని వెచ్చగా ఉంచేదీ ఆ గాలే.

స్లీపింగ్ బ్యాగుల్లో, ఖరీదైన చలికోట్లలో నింపే బాతు నూగును డౌన్ అంటారు. దాని నాణ్యతను కొలిచే లెక్కను ఫిల్ పవర్ అంటారు. 800 ఫిల్ పవర్ ఉన్న నూగు ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు, 800 ఘనపుటంగుళాల చోటు నింపుతుంది. మన లెక్కలో సుమారు 13 లీటర్లు. గుప్పెడు నూగు అంత గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది కాబట్టే దానికి అంత ధర. దాన్ని సంచిలో కుక్కి ఒక పగలంతా మోసుకెళ్లి, సాయంత్రం గుడారంలో విప్పి దులిపితే మళ్లీ పొంగుతుంది. అదే నూగును వందల కిలోల ఒత్తిడి కింద నెలల తరబడి ఉంచితే దాని సన్నటి పోగులు నలిగి, మునుపటి పొంగు రాదు. డౌన్‌కు బదులు పాలియెస్టర్ దూది నింపిన బ్యాగుల పరిస్థితి ఇంకా కష్టం. ఆ పోగులు ఎక్కువకాలం వంగి ఉంటే వంగినట్టే ఉండిపోతాయి. స్లీపింగ్ బ్యాగును ఇంట్లో వదులుగా, పెద్ద గుడ్డసంచిలో ఉంచమని తయారీదారులు చెప్పేది ఇందుకే. అటక మీద చోటు మిగుల్చుకోవాలని దాన్ని వాక్యూమ్ చేసి పెడితే, వచ్చే ఏడాది చలిలో ఆ మిగిలిన చోటుకు మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

బరువు లెక్క మరీ సులువైనది, అయినా చాలామంది తప్పేది అక్కడే. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులు సర్దిన ఇళ్లలో ఇది అనుభవమే. దుప్పట్లూ స్వెటర్లూ గాలి తీసి పెడితే సగం పెట్టె ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ కనిపించాక దాన్ని నింపకుండా ఉండటం మనవల్ల అయ్యే పని కాదు. విమానాశ్రయంలో కాటా మీద పెట్టాక 23 కిలోలు ఎప్పుడో దాటేసిందని తెలుస్తుంది. కొండదారిలో కాటా ఉండదు, భుజాలుంటాయి. పైగా గాలి తీసిన మూట ఇటుకలా గట్టిపడుతుంది. వీపు సంచి సర్దడంలో మెత్తటి బట్టలకు ఒక పని ఉంది. గిన్నెల మధ్య, మూలల్లో, వీపుకు గుచ్చుకునేచోట అవి సర్దుకుని కూర్చుంటాయి. నాలుగైదు గట్టి మూటలు ఒకదాని మీద ఒకటి పెడితే వాటి మధ్య మిగిలే సందులు మళ్లీ మనం మిగిల్చిన చోటును తినేస్తాయి. చోటు విషయంలో ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఒక జత థర్మల్స్, ఒక జత ఉన్ని సాక్సులు చిన్న పుస్తకమంత మూటగా మారితే, బేస్ క్యాంపులో పెద్ద సామాను వదిలి పైకెళ్లేటప్పుడు కూడా వాటిని చిన్న సంచిలో వేసుకోవడానికి ఎవరూ వెనకాడరు. లేకపోతే ‘ఎందుకులే’ అని గుడారంలోనే వదిలేస్తారు. ఆపద వచ్చేది సాధారణంగా ఆ ‘ఎందుకులే’ అన్న రోజునే.

ఇక నీళ్ల సంగతి. వాక్యూమ్ సంచిలో రెండు పొరలుంటాయి. బయటిది నైలాన్. గట్టిగా ఉంటుంది, గాలిని తేలిగ్గా లోపలికి పోనివ్వదు. లోపలిది పాలిథిన్. వేడి తగిలితే కరుగుతుంది. యంత్రంలోని వేడి పట్టీ కొన్ని సెకన్లపాటు మూతిని నొక్కినప్పుడు ఎదురెదురు పాలిథిన్ పొరలు కరిగి ఒకటైపోతాయి. ఆ అతుకు సరిగ్గా పడితే సంచి నీళ్లలో మునిగినా లోపల పొడిగా ఉంటుంది, గాలి తీసినా తీయకపోయినా. అతుకులో ముడత పడినా, దుమ్ము చేరినా, తేమ ఉన్నా అక్కడ సన్నటి దారి మిగిలిపోతుంది. పచ్చళ్లు విదేశాలకు పంపే దుకాణాల్లో ప్యాకింగ్ చేసేవాళ్ల చేతులు గమనిస్తే ఈ రహస్యం అర్థమవుతుంది. ఆవకాయ నింపేముందు సంచి మూతిని నాలుగు వేళ్ల మేర బయటికి మడుస్తారు. నింపాక మడత విప్పుతారు. అతుకు పడేచోట నూనె చుక్క అంటకుండా ఉండటానికి ఈ తంతు. అంటితే పొడిగుడ్డతో తుడుస్తారు. ఒక అతుకుతో సరిపెట్టక వేలెడు ఎడంలో రెండోది వేస్తారు. బట్టల విషయంలో నూనె బెడద లేదు గానీ నూలుపోగుల బెడద ఉంది. సాక్సు నుంచి ఊడిన ఒక్క పోగు అతుకులో ఇరుక్కుంటే చాలు, దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు ఆ పోగు నీటిని లోపలికి పీలుస్తుంది. మూతి మడవడం, తుడవడం, రెండు అతుకులు వేయడం ఇక్కడా తప్పవు. వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెట్టి గాలి లాగే జిప్పు సంచులు మాత్రం వేరే జాతి. అవి బీరువాలో దుప్పట్ల కోసం పుట్టినవి. జిప్పు దగ్గర మెల్లగా గాలి పీలుస్తూనే ఉంటాయి. వాటిని నమ్మి వాగు దాటకూడదు.

అతుకే నీటిని ఆపుతుందంటే గాలి తీయడం దేనికి, మామూలుగా సీల్ చేస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. నా వాదనకు ఆయువుపట్టు ఈ ప్రశ్నలోనే ఉంది. దాచిపెట్టిన వస్తువు పాడైతే మనకు తెలిసేది దాన్ని తెరిచినప్పుడే, అంటే అది అవసరమైనప్పుడే. 1912లో దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తున్న రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ బృందం దారిలో ముందే దాచిన సరుకుల దగ్గరికి చేరి చూస్తే డబ్బాల్లో ఉండాల్సినంత కిరోసిన్ లేదు. మూతల్లోని తోలు వాషర్లు ఆ చలికి బిగువు కోల్పోతే నూనె కొద్దికొద్దిగా జారిపోయింది. అదే కాలంలో అదే ఖండంలో ఉన్న మరో అన్వేషకుడు అమండ్‌సెన్ ఈ ముప్పు ముందే ఎరిగినవాడు కాబట్టి తన డబ్బాలకు టంకం వేయించాడు. స్కాట్ బృందం ప్రాణాలు పోవడానికి ఆకలి, చలి, నిస్సత్తువ అన్నీ కారణాలే, నూనె ఒక్కటే కాదు. కానీ ఇక్కడ చూడాల్సింది డబ్బా ఎంతగా ఏమార్చిందన్నది. బయటి నుంచి చూస్తే నిండు డబ్బాకూ కారిన డబ్బాకూ తేడా లేదు. గాలి తీయకుండా సీల్ చేసిన సంచి కూడా అంతే. చిల్లు పడ్డదీ పడనిదీ ఒక్కలాగే మెత్తగా ఉంటాయి. గాలి తీసిన సంచిలో బయటి వాతావరణమే రాత్రింబవళ్లు కాపలా కాస్తుంది. సూదిమొన మోపేంత దారి దొరికినా గాలి లోపలికి దూరి మూటను వదులు చేస్తుంది. నీటి కంటే గాలి సన్నటి దారిలో దూరగలదు కాబట్టి, గాలి దూరని సంచిలోకి నీళ్లు దూరతాయన్న భయం అక్కర్లేదు.

దీనికి ట్రెక్కింగ్ అలవాటున్నవాళ్లు చెప్పే ఎదురుమాట ఒకటుంది. మూతి మూడు మడతలు చుట్టి బకిల్ పెట్టే డ్రై బ్యాగును కూడా పరీక్షించవచ్చు కదా అంటారు. గాలి నింపి మూతి చుట్టి, బక్కెట్టు నీళ్లలో ముంచి నొక్కితే బుడగలు వచ్చేచోట చిల్లున్నట్టే. నిజమే, చేయాల్సిన పరీక్షే. కానీ అది ఆ క్షణానికి చెల్లే మాట. డ్రై బ్యాగుల లోపలి పూత తేమకూ కాలానికీ జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో అలమారలో పెట్టినా ఈ బాధ తప్పదు. మొన్న బక్కెట్లో నెగ్గిన సంచి ఈ రోజు నెగ్గుతుందని చెప్పడానికి దాన్ని మళ్లీ ముంచి చూడాల్సిందే. డ్రై బ్యాగు గెలిచేచోటు మరొకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. లోపల గాలి ఉంటుంది కాబట్టి అది నీళ్లలో తేలుతుంది. నూలు, పాలియెస్టర్ రెండూ నీటికంటే బరువైనవే. గాలి తీసేస్తే వాటి మూట మునుగుతుంది. గోదావరిలో పడవ మీదో, రిషీకేశ్ దగ్గర రాఫ్ట్ మీదో వెళ్తూ వాక్యూమ్ మూటను విడిగా పెట్టుకుంటే, జారిపడ్డాక అది నది అడుగున పొడిగానే ఉంటుంది, మనకు మాత్రం దొరకదు. అలాంటి ప్రయాణాల్లో మూటను డ్రై బ్యాగులో వేసి, ఆ బ్యాగులో కాస్త గాలి వదిలి మూతి చుట్టడం సరైన పద్ధతి.

మూట చెప్పే సాక్ష్యాన్ని కొండ మీద మాత్రం కాస్త జాగ్రత్తగా చదవాలి. లేహ్‌లో చిప్స్ ప్యాకెట్లు పగిలిపోయేట్టు ఉబ్బి ఉండటం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో వాతావరణ పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. 5,364 మీటర్ల దగ్గర, ఎవరెస్ట్ బేస్ క్యాంపులో, దాదాపు సగం. జిప్‌లాక్ సంచిని చేత్తో నొక్కి గాలి తీశాం అనుకుంటే, అందులో మిగిలిన గాలి అక్కడికి చేరేసరికి ఇంచుమించు రెట్టింపు చోటు అడుగుతుంది. యంత్రంతో తీసిన మూటలో మిగిలే గాలి బాగా తక్కువ కాబట్టి ఉబ్బదు గానీ, బయటి నుంచి నొక్కే బలం తగ్గడంతో బిగువు సడలుతుంది. చిల్లు పడిందని కంగారుపడి అక్కడే విప్పేస్తే ఉన్న రక్షణ పోతుంది. కిందికి దిగాక మళ్లీ బిగుసుకుంటే మూట క్షేమం. అందుకే అసలు పరీక్ష ఇంట్లోనే కావాలి. బయల్దేరడానికి వారం ముందే సీల్ చేసి, మర్నాడు ఒకసారి, సంచి సర్దే రోజున ఒకసారి నొక్కి చూడాలి.

ఈ పద్ధతి మీద గట్టి విమర్శ ఇంకోటి ఉంది. ఒకసారి చించితే మళ్లీ అతికించడానికి కొండ మీద కరెంటూ ఉండదు, యంత్రమూ ఉండదు. రోజూ తీసి పెట్టుకునే వస్తువులకు ఇది పెద్ద లోపమే. ఎన్నడూ తెరవకూడదని కోరుకునే వస్తువులకు అదే గుణం. తెరవని మూట తెరవనట్టే కనిపిస్తుంది. ఎవరో వాడేసి మళ్లీ పెట్టేశారేమోనన్న అనుమానం రాదు. కాబట్టి ఇందులో పెట్టాల్సింది రోజువారీ బట్టలు కాదు, ఆపద్ధర్మంగా మోసేవి. నీరు వేడిని గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మంచు కురవక్కర్లేదు, పది డిగ్రీల దగ్గర వానా గాలీ కలిస్తే తడిబట్టల్లో ఉన్న మనిషి ఒళ్లు చల్లబడి మాట తడబడటానికి ఎక్కువసేపు పట్టదు. అప్పుడు కావాల్సింది పొడి థర్మల్స్, ఉన్ని సాక్సులు, టోపీ, చేతి తొడుగులు, అంతే. సీల్ చేసేముందు వాటిని ఎండలో బాగా ఆరబెట్టి, చల్లారాక పెట్టాలి. తేమతో సీల్ చేస్తే ఆ తేమనే కాపాడినట్టవుతుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి వేస్తే మంచిదే గానీ అది అరకొర తేమకు మందు, తడిబట్టకు కాదు. అన్నింటికంటే ముఖ్యం, అతుకు దాటాక మిగిలిన ప్లాస్టిక్ అంచున కత్తెరతో చిన్న గంటు పెట్టడం. నైలాన్ సంచి గంటు లేకుండా చేతికీ పంటికీ చిరగదు. చలికి కొయ్యబారిన వేళ్లతో కత్తి కోసం వెతకాల్సి వస్తే అంత శ్రమపడి దాచిందంతా వృథా. గంటు అతుకును తాకకూడదు సుమా.

వాక్యూమ్ మూటలోని ఒత్తిడి కొన్ని వస్తువులకు పడదు. హెడ్‌ల్యాంప్ పెడితే దాని మీట నొక్కుకుపోయి సంచిలోనే వెలిగి బ్యాటరీ అయిపోవచ్చు, బ్యాటరీలు తీసి పక్కన పెట్టాలి. పవర్ బ్యాంకును నొక్కి పెట్టే ఆలోచనే వద్దు. అగ్గిపుల్లలూ, గీసే పట్టీ ఒకదానికొకటి రాసుకోకుండా విడిగా చుట్టాలి. మాత్రల షీట్ల అంచులు, కత్తెర మొన, జిప్పు చివర ప్లాస్టిక్‌ను లోపలి నుంచే పొడుస్తాయి కాబట్టి వాటిని బట్టలో చుట్టాకే పెట్టాలి. ఆస్తమా ఇన్‌హేలర్, గుండెనొప్పి మాత్ర లాంటివి క్షణాల్లో చేతికి అందాలి. వాటి చోటు జేబు.

తిండి విషయంలో మాత్రం నేను కాస్త కటువుగానే చెబుతాను. గాలి తీస్తే ఏదైనా నిల్వ ఉంటుందన్నది ప్రమాదకరమైన నమ్మకం. క్లోస్ట్రిడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవికి గాలి లేని, తేమ ఉన్న, పులుపు లేని చోటే ఇష్టం. దాని బీజాలు మామూలుగా ఉడికించినా చావవు. అది వదిలే విషానికి వాసన ఉండకపోవచ్చు. వండిన అన్నాన్నో ఉడికించిన కూరనో ఇంట్లో వాక్యూమ్ చేసి సంచిలో మూడు రోజులు మోసుకెళ్లడమంటే దానికి ఇల్లు కట్టి ఇవ్వడమే. సైనికులకు సంచుల్లో వెళ్లే వండిన భోజనాన్ని చూపించి, అది పాడవదు కదా అంటారు. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల అభివృద్ధి చేసిన ఆ సంచులను సీల్ చేశాక రిటార్ట్ యంత్రంలో ఒత్తిడి మీద సుమారు 121 డిగ్రీల వేడికి గురిచేస్తారు. కాపాడేది ఆ వేడి. ఇంటి యంత్రానికి ఆ పని రాదు. వేయించిన వేరుశెనగలు, అటుకులు, ఎండు ఖర్జూరం లాంటి పొడి సరుకుకు ఇది బాగుంటుంది, మెత్తబడవు.

ట్రెక్కింగ్‌కు వెళ్లనివాళ్లకు కూడా ఇందులో పనికొచ్చేది ఒకటుంది. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఇళ్లలో తడిసినవాటిలో కాగితాలూ ఉండే ఉంటాయి. పదో తరగతి సర్టిఫికెట్లు, దస్తావేజులు, పాస్ పుస్తకాలు. ఇవి ఏడాదికోసారి కూడా తీయనివి, పోతే తిరిగి తెచ్చుకోవడానికి కాళ్లరిగేలా తిరగాల్సినవి. వాక్యూమ్ మూటకు ఇంతకంటే తగిన సరుకు లేదు. కాగితాలను ముందు నీడలో ఆరనిచ్చి, మడతలు పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి సీల్ చేయాలి. పాత ఫొటోలు ఆ ఒత్తిడికి ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి మధ్యలో బటర్ పేపర్ వేయాలి. వానాకాలం మొదలయ్యేముందు బీరువా తెరిచి నొక్కి చూస్తే చాలు.

ప్లాస్టిక్ మాటేమిటన్న అభ్యంతరానికి తేలికైన జవాబు లేదు. రెండు రకాల ప్లాస్టిక్ ఒకటిగా కలిసిన ఈ పొరను విడదీసి మళ్లీ వాడుకోవడం కష్టం. చేయగలిగిందల్లా తక్కువ వాడటం. కావాల్సినదానికంటే జానెడు పొడవైన సంచి తీసుకుని, తెరిచిన ప్రతిసారీ అంచు మాత్రమే కత్తిరించి మళ్లీ సీల్ చేస్తే ఒకే సంచి కొన్నేళ్లు వస్తుంది. రోజువారీ బట్టలకు దీన్ని వాడొద్దన్న మాట పాటిస్తే ఒక మనిషికి రెండు మూడు సంచులకు మించి అక్కర్లేదు.

అంత తక్కువ మూటల కోసం యంత్రం కొనడం కూడా దండగే. పచ్చళ్లు ప్యాక్ చేసే దుకాణాల్లో ఉండే పెట్టెలాంటి యంత్రం సంచి మొత్తాన్ని లోపల పెట్టుకుని గాలి తీస్తుంది. ఇంటి యంత్రం కంటే బాగా తీస్తుంది కూడా. అడిగితే బయటి సరుకు సీల్ చేసి ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆరబెట్టిన బట్టలు మడిచి పట్టుకెళ్లి, కొత్త సంచి తీయమని, ముందుగా ఆ యంత్రం లోపలంతా ఒకసారి తుడవమని మొహమాటం లేకుండా అడగాలి. లేదంటే 3,888 మీటర్ల ఎత్తున అమర్‌నాథ్ గుహ దగ్గర విప్పిన పొడి సాక్సుల్లోంచి ఆవకాయ ఘాటు గుప్పుమంటుంది. కొందరికి అది అభ్యంతరం కాకపోవచ్చనుకోండి.